మసి శాక్సు

కిందటి నెల మా పాత కంపెనీ నుంచి ఇద్దరు కొత్త ఏజెంట్లు ఫోన్ చేశారు. స్పీకరు పెట్టుకుని ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. వాద్యాలు అమ్మే ఉద్యోగంలో చేరి వాళ్లకింకా ఏడాది కాలేదట. పాత ఫైళ్లు సర్దుతుంటే ఒక విదేశీ శాక్సోఫోన్ తాలూకు కాగితాలు కనబడ్డాయట. "అంత మంచి సరుకు కోనసీమలో ఎందుకు పోలేదండీ? అప్పుడు ఆ లైను చూసింది మీరే కదండీ?" అని అడిగారు.

ఫైల్లో కారణాలు ఉన్నాయి కదా, నేనే రాశాను కదా అన్నాను. చదివామన్నారు. రంగు నచ్చలేదు, ప్యాడ్లు దొరకలేదు, పేరు ఎవరికీ తెలియదు అని మూడు ముక్కలు ఉన్నాయట. అవి నిజమే. కాకపోతే అసలు కారణం ఆ కాగితాల్లో లేదు. అది ఫోన్లో చెప్పేది కాదు. రాసి పంపుతానన్నాను. రాయడం మొదలుపెట్టాక, మీ ఇద్దరికే ఎందుకు, ఈ పనిలోకి వచ్చే వాళ్లెవరైనా చదువుకుంటారులే అనిపించింది. పేర్లు మాత్రం రాయను. కోనసీమలో పేరు రాస్తే సాయంత్రానికి వాళ్ల మేనమామ మన వీధిలో ఉంటాడు.

నేను ముప్పై రెండేళ్లు వాద్యాలు అమ్మాను. కంపెనీ రాజమండ్రిలో, ఇల్లు అమలాపురంలో, తిరుగుడంతా రాజోలు నుంచి ఐ.పోలవరం దాకా. డోళ్లకి తోళ్లు, క్లారినెట్లకి రీడ్లు, హార్మోనియాలు, తాళాలు, చివరి పదిహేనేళ్లూ ఎక్కువగా శాక్సోఫోన్లు. నాకు ఏదీ వాయించడం రాదు. వినడం వచ్చు. మాట్లాడటం అంతకంటే బాగా వచ్చు. "మీరు వాద్యం తీసుకెళ్లడం దండగండీ, మీ నోరే ఊదుతుంది" అనేది మా ఆవిడ. అది మెచ్చుకోలు అనుకుని చాలా ఏళ్లు మురిసిపోయాను.

మా వైపు పెళ్లిళ్లలో శాక్సోఫోన్ మొదట సన్నాయి పక్కన వచ్చి కూర్చుంది. తర్వాత మెల్లగా ముందుకు జరిగింది. మేళం వాళ్లు అందరూ ఒకే పెద్ద కంపెనీ శాక్సు కొనేవారు. పసుపుపచ్చగా, అద్దంలా మెరిసిపోయేది. దాన్ని అమ్మడానికి నేను నోరు విప్పాల్సిన పని కూడా ఉండేది కాదు. అలాంటి రోజుల్లో, కరోనాకి రెండేళ్ల ముందు, మా ఓనరుగారు ఒక విదేశీ శాక్సు ఏజెన్సీ తెచ్చారు. ఎక్కడో చిన్న ఊళ్లో ఓ కుటుంబం చేత్తో తయారుచేస్తారట. రేటు పెద్ద కంపెనీ దానికంటే ఎక్కువేమీ కాదు. మొదటిసారి వాయించి చూపించిన రోజు, గోడౌన్లో మూటలు మోసేవాళ్లు కూడా పని ఆపి నిలబడ్డారు. కింది స్వరాల్లో గొంతు నిండుగా, మెత్తగా ఉంది. నాకైతే కళ్లు చెమర్చాయి. ఇది నేను అమ్మలేకపోతే ఇంకెవరు అమ్ముతారు అనుకున్నాను.

ఒక్క చిక్కు. దాని మీద పూత లేదు. మెరుపు కోసం వేసే లాకరు పూత నాదాన్ని కొంచెం పట్టేస్తుందని ఆ కుటుంబం వాళ్లు వేయరట. అందుకని ఆ శాక్సు గోధుమరంగులో, అటకమీంచి దించిన పాత గంగాళంలా ఉండేది. విదేశాల్లో దాన్ని చూసి ముచ్చటపడతారని ఓనరుగారు చెప్పారు. మన దగ్గర ముచ్చటపడేవాళ్లెవరో నాకు చెప్పలేదు.

కొత్తపేట వైపు ఒక పెద్ద మేళం ఉండేది. ఆ మేళం పెద్దాయన శాక్సు వాయిస్తే పెళ్లివాళ్లు ముహూర్తం మర్చిపోతారని పేరు. ఆయన ఏది కొంటే కోనసీమలో మిగతా మేళాలు అదే కొనేవి. ముందు ఆయన దగ్గరికే వెళ్లాను. ఆయన పావుగంట వాయించారు. కళ్లు మూసుకుని వాయించారు. తర్వాత దాన్ని ఒళ్లో పెట్టుకుని తిప్పి తిప్పి చూశారు.

"పలుకు అద్భుతమండీ. నిజం చెప్పాలంటే నా దానికంటే బాగుందండి."

"మరింకేంటండీ?"

"మసండీ."

"మసేంటండీ?"

"చూడండి, మసి పట్టినట్టు లేదాండీ? నేను దీన్ని పట్టుకుని పెళ్లిపందిట్లో కూర్చుంటే, పెళ్లికూతురి తండ్రి ఏమనుకుంటాడండీ? మేళం దివాలా తీసిందనుకుంటాడు. వీడియోలో లైట్లు పడితే నా పక్కవాడిది ధగధగలాడిపోద్ది, నాది పొయ్యిమీంచి దించినట్టుంటాది. మాకు జోడీ కావాలండీ. ఎడ్లజత కుదిరినట్టు కుదరాలి."

వారం తిరక్కుండా ఆ మాట కోనసీమంతా పాకింది. నేను మోటార్‌సైకిల్ దిగకముందే "మసి శాక్సు తెచ్చేరాండీ?" అని నవ్వుతూ ఎదురొచ్చేవారు. దాని అసలు పేరు ఏ ఒక్కరికీ నోరు తిరగలేదు. ఈ పేరు తిరిగింది. రాజోలులో శాక్సులు బాగుచేసే ఆయన ఒకడున్నాడు. "దీని ప్యాడ్ల సైజు వేరండీ, పాడైతే నా దగ్గర దొరకవు" అన్నాడు. ఇంకో మేళం ఆయన వాయించి, నమస్కారం పెట్టి, "మా గురువుగారు ఇది వాయించలేదండీ" అని తిరిగిచ్చేశాడు. వాళ్లని నేను తప్పుపట్టను. పెళ్లికి పిలిచేవాడు చెవితో పిలవడు, చూసి పిలుస్తాడు. మేళం వాళ్లు అన్నం తినేది ఆ చూపు మీదే. అప్పట్లో మాత్రం నాకు ఒళ్లు మండేది. వీళ్లకి చెవులుండి ఏం లాభం అని ఇంటికొచ్చి మా ఆవిడ మీద అరిచేవాడిని.

ఆరు నెలలకి ఒక్కటి అమ్మాను. కొన్నది ఒక అమ్మాయి.

ఆ అమ్మాయికి ముప్పై ఏళ్లుంటాయి. వాళ్ల నాన్నగారు పేరున్న సన్నాయి విద్వాంసుడు. ఆయన పోయాక మేళం చెదిరిపోయింది. ఈ అమ్మాయిని ఓడలరేవులో ఇచ్చారు. అత్తవారిది చేపల పడవలు, రొయ్యల చెరువు ఉన్న ఇల్లు. భర్త మస్కట్‌లో ఉద్యోగం. చిన్నప్పుడు నాన్న దగ్గర సన్నాయి, తర్వాత శాక్సు నేర్చుకుంది. పెళ్లయ్యాక ఎనిమిదేళ్లు ఏదీ ముట్టుకోలేదు. అమలాపురంలో ఒక లాడ్జి గదిలో నేను శాక్సులు పెట్టి చూపిస్తున్నానని తెలిసి, వదినని తోడు తీసుకుని వచ్చింది. మెరిసేది, మసిది రెండూ వాయించింది. మసిదాన్ని కింద పెట్టలేదు.

"బాబాయిగారండీ, దీని గొంతు మా నాన్నగారి సన్నాయిలా ఉందండి," అంది. "ఆయన స్వరం నిలిపి పట్టుకున్నప్పుడు ఇలాగే గదంతా నిండేదండి."

"రంగు చూశావామ్మా?" అన్నాను. అమ్మేవాడు అడక్కూడని ప్రశ్న అది. అప్పటికి నాకు నమ్మకం అంతగా పోయింది.

"నేను వాయించేటప్పుడు నాకు కనబడదు కదండీ," అంది.

భర్త ఫోన్లోనే సరేనన్నాడు. ఒప్పుకోవలసింది అత్తగారు. ఆవిడ అరవై ఏళ్ల మనిషి. మొగుడు సముద్రంలో పోతే ఇద్దరు పిల్లల్నీ, పడవల్నీ ఒంటిచేత్తో ఒడ్డుకి చేర్చిన మనిషి. ఓడలరేవులో ఆవిడ మాటకి ఎదురు చెప్పేవాళ్లు తక్కువ. శాక్సు అందించడానికి నేనే వెళ్లాను. వీధరుగు మీద పెట్టె తెరిచాను. ఆవిడ వంగి చూసింది.

"ఏంటండీ ఇది, ఇలా మసిబారిపోయింది? పాతదాండీ?"

ఇక్కడే, ఇదిగో, నా జన్మలో నేనన్న మాటలన్నింటిలోకీ నాకు బాగా నచ్చిన మాట అన్నాను.

"పాతది కాదక్కగారూ. అచ్చమైన ఇత్తడండీ. పైన రంగూ లేదు, పూతా లేదు. మీ ఇంట్లో ఇత్తడి బిందె ఎలాగో ఇదీ అలాగేనండి."

ఆవిడ ముఖం విప్పారింది. వేలి కణుపుతో దాన్ని రెండుసార్లు కొట్టి చూసింది. ఖణేల్‌మంది. "అయితే మంచి సామానేనన్నమాట," అంది. "పైపూత సరుకంటే నాకు గిట్టదండి." నాకు కొబ్బరిబొండం కొట్టించడానికి దొడ్లోకి వెళ్లింది. ఆవిడ లోపలికి వెళ్లాకే కోడలికి జాగ్రత్తలు చెప్పాను. వాయించాక లోపల తడి లాగెయ్యాలి, మీటల కింద ఉన్న ప్యాడ్లు తోలుబిళ్లలు, నీళ్లు తగిలితే ఉబ్బిపోతాయి, పొడిగుడ్డతో తుడవడం తప్ప ఇంకేం చెయ్యొద్దు అని. ఈ జాగ్రత్తలు ఇద్దరికీ కలిపి చెప్పి ఉంటే మీరు నన్ను ఈ ప్రశ్న అడగక్కర్లేకపోయేది. బిందె మాట నాకెంత నచ్చిందంటే, దారంతా దాన్నే నెమరేసుకుంటూ వచ్చాను.

బయల్దేరేముందు ఆవిడ గుమ్మం దాకా వచ్చి చెప్పింది. "తమ్ముడూ, నా సంగతి నీకు తెలీదు. కోడలు నలుగురిలో కూర్చుని ఊదటం నాకు ఇష్టం లేదు. అబ్బాయి అడిగేడని ఒప్పుకున్నాను. ఒక్క పెళ్లి. ఆ ఒక్క పెళ్లిలో నలుగురూ మెచ్చుకుంటే సరే. నవ్వేరంటే మాత్రం ఇది అటకెక్కుద్ది, మళ్లీ దింపను." కోడలు తలుపు వెనకాల నిలబడి వింటోంది.

ఆ ఒక్క పెళ్లి నేనే కుదిర్చాను. కొత్తపేట పెద్దాయన దగ్గర కూర్చుని బతిమాలాను. ఆ అమ్మాయి తండ్రి ఆయన ఎరిగున్నవాడే. వాడపల్లిలో గోదావరి ఒడ్డున ఒక కల్యాణమండపంలో మాఘమాసంలో పెళ్లి ఒప్పుకున్నారు. ఆ పెళ్లిలో తన పక్కన కూర్చోబెట్టి, ముఖ్యమైన వాయింపు ఆమెకే ఇస్తానన్నారు. అని ఊరుకోలేదు.

"మీ మసి శాక్సుతో ఆ పిల్ల పెళ్లి నిలబెడితే, నేను రెండు కొంటానండీ. జోడీ. ఇంక మసనే మాట నా నోట రాదు. ఆయ్."

ఆయన రెండు కొంటే మిగతావాళ్లు వరసలో నిలబడతారు. సరిగ్గా ఆ వారమే ఓనరుగారు ఫోన్ చేసి, ఈ సీజనులో కదలకపోతే ఆ లైను ఎత్తేద్దాం అన్నారు. కదులుతుందండీ, వాడపల్లి పెళ్లి కానివ్వండి అన్నాను. ఇంకో ఇద్దరు మేళం పెద్దల్ని కూడా వచ్చి వినమని పిలిచాను. అంత ధీమాగా ఎప్పుడూ లేను.

పెళ్లి శనివారం. అత్తగారికి ఆ రోజు వాడపల్లి గుడిలో ఏడు శనివారాల మొక్కులో చివరిది. ఆరు వారాల నుంచీ ఓడలరేవు నుంచి రెండు బస్సులు మారి వచ్చి, స్వామి చుట్టూ ఏడేసి ప్రదక్షిణలు చేసి వెళుతోంది. మొక్కు కొడుకు కోసమో, పడవల కోసమో అనుకున్నాను. తెల్లవారకముందే కోడల్ని వెంటబెట్టుకుని ఆటోలో వచ్చింది. దర్శనం చేసుకుని, ప్రసాదం పొట్లంతో తిన్నగా మండపానికి వచ్చి ముందువరసలో ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. కొత్త జరీచీర కట్టింది. నన్ను చూసి, ఏదో దాచుకున్న మనిషిలా నవ్వింది.

మేళం వేదిక మీద సర్దుకుంది. డోళ్లు శ్రుతి చూసుకుంటున్నాయి. ఆ అమ్మాయి ఒళ్లో పెట్టె పెట్టుకుని తెరిచింది.

లోపల శాక్సు బంగారంలా మెరిసిపోతోంది.

నేను పిలిచిన మేళం పెద్దల్లో ఒకాయన "అరె, మసి వదిలిందే!" అని పైకే అన్నాడు. కొత్తపేట పెద్దాయన ముందుకు వంగి చూశారు. నేనూ సంతోషించబోయాను, నిజం. అప్పుడు పెట్టెలోంచి వాసన వచ్చింది. పుల్లటి వాసన. పండగ ముందు మన వంటిళ్లలో వచ్చే వాసన. చింతపండు.

ఇత్తడి బిందెని మన ఇళ్లల్లో ఎలా తోముతారు? చింతపండు నానబెట్టి, కొబ్బరిపీచుతో మెరిసేదాకా తోమి, రెండు చెంబుల నీళ్లు పోసి కడుగుతారు. తర్వాత తెలిసిందేంటంటే, శుక్రవారం సాయంత్రం కోడలు జాకెట్టు తెచ్చుకోవడానికి దర్జీ దగ్గరికి వెళ్లినప్పుడు, పూజసామానుతో పాటు ఆవిడ దీన్నీ తోమింది. అరుగు మీద ఆరబెట్టి, తుడిచి, పెట్టెలో పెట్టి మూసేసింది. పొద్దున్న కోడలు తెరిచి చూసుకుని ఆశ్చర్యపోవాలని. రాత్రంతా ఆ తడిలో తోలుబిళ్లలు నాని, ఉబ్బి, కంతలకి అతుక్కుపోయాయి.

ఆ అమ్మాయి ఒక మీట నొక్కింది. పైకి లేవలేదు. వేలితో లేపి మళ్లీ నొక్కింది. చప్‌మని చప్పుడొచ్చింది. మౌత్‌పీసు పెట్టి మెల్లగా ఊదింది. పైస్వరం ఒకటి గీరుకుపోతూ వచ్చింది. కిందికి దిగేసరికి గాలి తప్ప ఏమీ లేదు. ఆమె తలెత్తి అత్తగారి ముఖం వైపు చూడలేదు. చేతుల వైపు చూసింది. నేనూ అటే చూశాను. ఆవిడ గోళ్ల సందుల్లో ఇంకా ఆకుపచ్చ చిలుము ఉంది. ఆ అమ్మాయికి అంతా అర్థమైంది. తల దించుకుని, ఒడిలో శాక్సుని అలాగే పట్టుకుని కూర్చుండిపోయింది.

"ఏమైందమ్మా?" అన్నారు పెద్దాయన.

పెళ్లికూతురి తండ్రి హడావిడిగా వచ్చాడు. "ముహూర్తానికి ఇరవై నిమిషాలే ఉందండీ. మొదలెట్టలేదేంటండీ?"

అత్తగారు కుర్చీలోంచి లేచింది. వేదిక దగ్గరికి వచ్చింది. అంతసేపూ వెలిగిపోతున్న ముఖం కాస్తా ముడుచుకుపోతోంది. "ఏమ్మా, పలకట్లేదా? నేను శుభ్రంగా..." అంటూ ఆగిపోయింది. నావైపు తిరిగింది. "తమ్ముడూ, ఏమైందంటావు?"

అందరూ నావైపు చూశారు. ఇద్దరు మేళం పెద్దలు, పెద్దాయన, పెళ్లివాళ్లు. నా నోట్లో నిజం సిద్ధంగా ఉంది. ఏమీ లేదండీ, అక్కగారు తెలియక చింతపండుతో కడిగేశారు, సరుకులో ఏ దోషమూ లేదు అంటే చాలు. సరుకు బతుకుతుంది. రెండు శాక్సులూ, వాటి వెనకాల ఇంకో పదీ బతుకుతాయి. ఆవిడ మాత్రం నలుగురిలో నవ్వులపాలవుతుంది. శాక్సుని బిందెలా తోమిందట అని రాజోలు దాకా చెప్పుకుంటారు. మా వాళ్లు మసి పేరు ఎంత తొందరగా పాకించారో నేను చూశాను. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ అమ్మాయి శాక్సు తీసిన ప్రతిసారీ ఆ నవ్వు గుర్తొస్తుంది. అటక మీదికి ఎక్కించడానికి ఆవిడకి ఇంకో కారణం అక్కర్లేదు.

ఇంకోటి కూడా ఉంది. బిందె అన్నది ఎవరు? నేను. ఆవిడ నా మాట నమ్మి, ఆ మాట ప్రకారం చేసింది. కోనసీమంతటా నా మాటని అంత పూర్తిగా నమ్మిన కొనుగోలుదారు ఆవిడ ఒక్కతే.

"కంపెనీ లోపమండీ," అన్నాను. "ఈ రకంలో ప్యాడ్లు అతుక్కుపోతున్నాయని మొన్ననే ఆఫీసు నుంచి ఫోన్ చేసేరండీ. అమ్మాయికి చెప్పకపోవడం నాదే తప్పండి. అక్కగారూ, మీదేం లేదండీ. మీరు కూర్చోండి."

పెద్దాయన నావైపు చూశారు. తర్వాత ఆ శాక్సుని తన చేతుల్లోకి తీసుకుని ముఖం దగ్గరికి తెచ్చుకున్నారు. వాసన తగిలి ఉంటుంది. తగలకుండా ఎలా ఉంటుంది? ఓసారి అత్తగారిని చూశారు, ఓసారి ఆ అమ్మాయి వంచిన తలని చూశారు.

"ఆయ్," అన్నారు. "కంపెనీ లోపమేనండి. చూస్తేనే తెలుస్తోందండి."

తర్వాత ఆయన చేసింది నేను ఊహించలేదు. పాతికేళ్లుగా ఎవర్నీ ముట్టుకోనివ్వని తన శాక్సుని మెడలోంచి తీశారు. "నీ మౌత్‌పీసు బాగానే ఉందామ్మా?" అని అడిగారు. బాగానే ఉంది. అది నల్లది, ఇత్తడి కాదు. అందుకని చింతపండుకి చిక్కలేదు. ఆయన తన మౌత్‌పీసు ఊడదీసి జేబులో వేసుకుని, శాక్సు ఆమె చేతికి ఇచ్చారు. తాళాలు వాయించే మనిషిని పక్కకి జరగమని, ఆ తాళాలు తాను తీసుకుని కూర్చున్నారు. కొత్తపేట పెద్దాయన తాళం వేస్తుంటే ఇంకొకరు శాక్సు వాయించడం ఎవరూ చూసి ఉండరు.

ఆ అమ్మాయి దాన్ని మెడలో వేసుకుంది. కొత్త శాక్సు, మీటలు వేళ్లకి అలవాటు లేవు. రెండు నిమిషాలు తడుముకుంది. ఒకచోట స్వరం జారింది కూడా. పెద్దాయన తాళం ఆపలేదు. తర్వాత ఆమె కళ్లు మూసుకుంది. కల్యాణి రాగం అందుకుంది. ఎనిమిదేళ్లు లోపల దాచుకున్నది ఒక్కసారి బయటికి వచ్చింది. వంటల దగ్గర మనుషులు గరిటెలు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మాంగల్యధారణ వేళ గట్టిమేళానికి ఆమె పైస్వరం పట్టుకుంటే, నా పక్కనున్న ముసలాయన "ఇది ఫలానా ఆయన కూతురు కదండీ" అని వాళ్ల నాన్న పేరు చెప్పాడు. అడక్కుండానే పోల్చుకున్నాడు.

అత్తగారు మెచ్చుకోలేదు, చప్పట్లు కొట్టలేదు. చీరకొంగు నోటికి అడ్డంపెట్టుకుని కూర్చుంది. అంతా అయ్యాక వేదిక దగ్గరికి వెళ్లి ప్రసాదం పొట్లం విప్పి కోడలి నోట్లో పెట్టింది. "ఏడువారాలూ నీ గురించే మొక్కేనే," అంది. "నిన్ను చూసి ఎవరూ నవ్వకూడదని."

అది విని నేను బయటికి వెళ్లి గోదావరి గట్టు మీద కాసేపు నిలబడ్డాను. ఏడుపొచ్చింది. దాచుకోవాల్సిన పనేముంది, ఇప్పుడు రిటైరైపోయాను.

పెద్దాయన మాట తప్పలేదు. ఆ పెళ్లి ఆ పిల్ల నిలబెట్టింది, కానీ మసి శాక్సుతో కాదు కదా. కాబట్టి ఆయన రెండూ పెద్ద కంపెనీవే కొన్నారు. ఒకటి ఆ అమ్మాయికే ఇచ్చి మేళంలో పెట్టుకున్నారు. నేను పిలిచిన ఇద్దరు పెద్దలూ ఊళ్లకి వెళ్లి, "పాపం బాగానే పలుకుద్దండీ, లోపమని ఏజెంటే ఒప్పుకున్నాడు" అని చెప్పారు. అబద్ధం చెప్పారని వాళ్లని ఎలా అనను? నాలుగురోజుల్లో ఆ మాట ఓనరుగారి చెవిన పడింది. ఆయన అరవలేదు. "మన సరుకులో లోపం ఉందని నువ్వే అన్నావటగా?" అని మాత్రం అడిగారు. అన్నానండీ అన్నాను. ఎందుకన్నావు అని అడిగారు. మాట మార్చాను. ఆయనకి చెబితే ఆయన భార్యకి చెబుతారు, ఆవిడ పుట్టిల్లు మా కోనసీమలోనే, ముమ్మిడివరం.

మిగిలిన మూడేళ్లూ నన్ను ఊళ్లు తిప్పలేదు. గోడౌన్లో కుర్చీ వేశారు. డోలు తోళ్లకి ఎలుకలు పట్టకుండా చూసుకోవడం నా పని. మొదట్లో చిన్నతనంగా ఉండేది. మోటార్‌సైకిల్ అమ్మేసిన రోజు అన్నం తినలేదు. కానీ ఆలోచించుకుంటే, ఆ రోజు నేను చెప్పింది పూర్తిగా అబద్ధం కూడా కాదనిపించేది. లోపం ఉంది. ఆ కుటుంబం ఎక్కడో కూర్చుని చేత్తో చేసిన వాద్యంలో లేదు. నేను వీధరుగు మీద అన్న ముక్కలో ఉంది. నాదం గొప్పదైతే చాలనుకున్నాను. ఆ వస్తువు ఎవరింట్లోకి వెళుతోంది, దాన్ని చూసి వాళ్లకి ఏం గుర్తొస్తుంది, వాళ్ల చేతులు అలవాటుగా ఏం చేస్తాయి, ఇవేవీ ఆలోచించలేదు. మీరు ఆలోచించండి. మీకు నేను చెప్పగలిగేది అంతే.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ మీ ఫోన్ వచ్చిన పదిరోజులకి ఇంకోటి జరిగింది.

ఓడలరేవు అక్కగారు అమలాపురంలో మా ఇంటికి వచ్చింది. బాగా తగ్గిపోయింది మనిషి. చేతిలో కర్ర. కోడలు ఇప్పుడు సొంత మేళం నడుపుతోంది, ఆ రోజు ఎక్కడో పెళ్లిలో ఉంది. మంచినీళ్లు తాగి, కూర్చుని, చెప్పింది.

"మనవరాలు ఊదుతానంటోంది తమ్ముడూ. పదేళ్లొచ్చేయి. దానికో శాక్సు కావాలి. వాళ్లమ్మకున్నలాంటి మసిదే కావాలి. మెరిసేవి వద్దంట."

"అవి ఇప్పుడు ఇటువైపు రావట్లేదక్కగారూ. ఆపేశారండి."

"తెలుసు," అంది. "నావల్లే కదా."

ఖాళీ గ్లాసు తీసి మళ్లీ నీళ్లు నింపాను. ముప్పై రెండేళ్లు నోటితో బతికిన వాడిని.

"ఆ పెళ్లయిన పక్కవారం మా కోడలు ఆ శాక్సుని విప్పి అరుగుమీద ఆరబెట్టింది. నేను చూసేను. తోలుబిళ్లల కింద చింతపండు పీచు ఉంది. కోడలు నాతో అనలేదు. నువ్వూ అనలేదు. కొత్తపేట ఆయన ఎన్నిసార్లు కలిసినా ఒక్క మాట అనలేదు. మీరెవరూ అననప్పుడు నేనెలా అడగను?"

తల వంచుకుని కర్రని అటూ ఇటూ తిప్పింది. "నీ ఉద్యోగానికి దెబ్బ తగిలిందంట కదా?"

"లేదక్కగారూ. గోడౌన్లో కుర్చీ ఇచ్చారండి. ఫ్యాను కిందే."

లేచి లోపలికి వెళ్లాను. లైను ఎత్తేసినప్పుడు, ఊళ్లల్లో చూపించడానికి నా దగ్గరుంచిన శాక్సుని కంపెనీ వెనక్కి అడగలేదు. లోపమున్న సరుకు కదా. బీరువా మీంచి పెట్టె దించి ఆవిడ ముందు పెట్టి తెరిచాను. ఏడెనిమిదేళ్ల గాలికి ఇంకా నల్లబడింది.

ఆవిడ చాలాసేపు చూసింది. వేలి కణుపుతో రెండుసార్లు కొట్టింది. ఖణేల్‌మంది.

"బిందె కాదు కదా?" అంది.

"కాదండీ," అన్నాను.

సంచిలోంచి మడతపెట్టిన పొడిగుడ్డ ఒకటి తీసింది. ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకుంది. ఒళ్లో పరుచుకుని, తుడవడం మొదలుపెట్టింది.